ఆర్లీత కోసం ఆపిన చేపలు

మా వాళ్లు ఇష్టంగా తినే చేపను పెంచి, ఎవరూ తినని చేపకు మేతగా వేయడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్లు అదే చేశాను. సిగ్గుపడాల్సిన పని. సిగ్గుపడుతూనే చేశాను.

తినని చేప పేరు బాస్. పట్నం నుంచి దొరలు వస్తారు, పడవలో కూర్చుని దాన్ని గాలంతో పడతారు, కింది దవడ పట్టుకుని ఫోటో దిగుతారు, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. తినే చేప పేరు బ్రీమ్. అరచేయంత ఉంటుంది, రొమ్ము నారింజ రంగు. మొక్కజొన్న పిండిలో పొర్లించి కాగే నూనెలో వేస్తే తోక అప్పడంలా విరుగుతుంది. మా నల్లవాళ్ల ఇళ్లలో శనివారం సాయంత్రమంటే ఆ వాసనే. ఆ బ్రీమ్ పిల్లల్ని లక్షల్లో పెంచి బాస్ నోట్లో పోయడానికి తవ్వించిందే మేత కుంట.

యజమాని లాండన్ హాస్క్యూ, బర్మింగ్‌హామ్‌లో లాయరు. మా అలబామా నల్లరేగడిలో మూడు వందల ఎకరాలు కొని పల్లంలో పెద్ద చెరువు కట్టించాడు. దానికి ఎగువన, వాగు పక్కన, రెండెకరాల మేత కుంట. రెండింటికీ నడుమ గట్టు, గట్టులో తూము, తూము నోటికి ఇనుప ఊచలు.

ఏడాది పొడుగునా ఆ కుంటకు చాకిరీ. ఫిబ్రవరిలో సున్నం చల్లాలి. మార్చిలో ఎరువు వేసి నీళ్లను పచ్చబరచాలి, ఆ పచ్చనే పిల్లలకు మొదటి తిండి. మోచేతి దాకా చెయ్యి ముంచితే వేలికొసలు కనబడీ కనబడనట్టుండాలి. బాగా కనబడితే ఎరువు చాలనట్టు, మణికట్టే కనబడకపోతే ఎక్కువైనట్టు. గుడ్లు పెట్టే రోజుల్లో కొంగల్ని తోలాలి. పొరపాటున ఒకటి రెండు బాస్ చేపలు కుంటలో పడ్డాయా, ఆ ఏడు పంట వాటి పొట్టలోకే. అక్టోబరులో తూము ఎత్తితే పిల్లలన్నీ నీళ్లతోపాటు పెద్ద చెరువులోకి జారిపోతాయి. తూము చక్రం కిర్రుమనగానే బాస్ చేపలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గొట్టం నోటి దగ్గర చేరేవి. అక్కడ నీళ్లు ఉడుకుతున్నట్టుండేవి. నేను అటు చూసేవాణ్ని కాదు.

ఊచల్లో పట్టని పెద్ద బ్రీమ్‌లు కుంటలోనే ఆగిపోతాయి. వాటిలో తల్లి చేపలుగా కొన్నిటిని ఉంచి, మిగతావి తీసేయాలి. పెద్దవి ఎక్కువైతే గుడ్లనూ పిల్లల్నీ అవే తినేస్తాయి కాబట్టి అది నియమం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడిలో ఎనిమిదో తరగతి దాటలేదు కానీ అచ్చు కాగితం ఏది దొరికినా చివరి చుక్క దాకా చదివే రకం. తెలిసి తెలిసి పన్నెండేళ్లుగా నేను ఒక్క పెద్ద చేపనూ తీయలేదు.

ఆర్లీత వస్తుందని.

ఆర్లీతా నేనూ క్యాట్‌ఫిష్ కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. ఆమె కత్తి దగ్గర, నేను ఐసు దగ్గర. నిమిషానికి ఇన్ని చేపలని లెక్క. మరుగుదొడ్డికి వెళ్లాలంటే బడిపిల్లల్లా చెయ్యెత్తి ఫోర్‌మన్‌ను అడగాలి. రాత్రికి ఆడవాళ్ల మణికట్లు వాచి గాజులు దిగేవి కావు. నేను కరపత్రాలు రాశాను, చర్చిలో మీటింగులు పెట్టాను, రెండు వందల మందిని గేటు బయట కూర్చోబెట్టాను. మూడు నెలలు కూర్చున్నాం. ఓడిపోయాం. ఎలా ఓడిపోయామో చెప్పుకుంటూ కూర్చుంటే ఈ కథ అయ్యేది కాదు.

ఆ ఆదివారాలు మాత్రం చెప్పాలి. మే నెల పున్నమి దగ్గర పడితే ఆర్లీతా నేనూ వెదురు గాలాలు భుజాన వేసుకుని వాగు వెంట నడిచేవాళ్లం. ఆమె ముందు, నేను వెనక. ఉన్నట్టుండి ఆగి ముక్కు పైకెత్తేది. బ్రీమ్ గుడ్లు పెట్టే చోట పుచ్చకాయ కోసినట్టు వాసన వస్తుందనేది. అటు చూపించేది. నేను చూస్తే నీళ్ల అడుగున పళ్లేల్లాంటి గుంటలు, ఒక్కో దాని మీద ఒక్కో మగ చేప కాపలా. నాకెప్పుడూ బురద వాసన తప్ప ఏదీ తగల్లేదు. ఆమె గురి ఎన్నడూ తప్పలేదు. నాకు ముప్పయ్యేళ్లు రాబోతున్న రోజులవి. నాకు కావలసినవన్నీ నా ముందే నడుస్తున్నాయని అప్పట్లో తెలియదు.

సమ్మె విరిగిన ఏడాదే వాళ్ల నాన్న భూమి పోయింది. పదకొండెకరాలు, వాగు పక్కన. వీలునామా రాయకుండా పోయాడు ముసలాయన, అంతకుముందు ఆయన తండ్రీ అంతే. మా దగ్గర అలా పోతే భూమి పిల్లలదీ, పిల్లల పిల్లలదీ, ఎక్కడున్నారో తెలియని వాళ్లందరిదీ అవుతుంది. చికాగోలో ఉన్న, ఎవరూ చూడని, ముసలాయన తమ్ముడి కొడుకు ఒకడు తన వంతు ఎవరికో అమ్మాడు. కొన్నవాడు కోర్టుకెళ్లాడు. కోర్టు మెట్ల మీద మొత్తం భూమి వేలం. నల్లవాడి చేతిలోంచి భూమి లాక్కోవడానికి తుపాకీ అక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు. చేతులు మారి మారి ఆఖరికి హాస్క్యూ దగ్గరికొచ్చింది. మేత కుంట తవ్వింది ఆ పదకొండెకరాల్లోనే, వాళ్ల నాన్న మొక్కజొన్న వేసిన చోట. "దొరకు దండం పెట్టే పని నీకెందుకు" అని నన్ను అడగని వాడు లేడు. ఆ నేల మీద రోజూ కాలు పెట్టొచ్చని ఒప్పుకున్నాను. అది ఎవరికీ చెప్పలేదు.

ఇల్లు పోయాక ఆర్లీత ఒహాయోలో, టొలీడోలో, అక్క దగ్గరికి వెళ్తానంది. నన్నూ రమ్మంది. నేను ఒప్పుకోలేదు. ఆ ఆదివారం చర్చిలో మీటింగు. నేను పైకెక్కి, యజమాని మనల్ని తన్నాడు, అది వాడి అలవాటు, మన మధ్యలోంచి లేచి పారిపోయేవాళ్లు తన్నిన దెబ్బే అసలు దెబ్బ అన్నాను. ఆమె మూడో వరుసలో, ఒళ్లో టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది. జనం తలలు తిప్పి ఆమెనే చూశారు. నేను ఆపలేదు, ఇంకో రెండు వాక్యాలు కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె టోపీ పెట్టుకుని నడవలోంచి మెల్లగా బయటికి నడిచింది. మంగళవారం బస్సెక్కింది.

తరవాత పంతొమ్మిదేళ్లకు వాళ్లమ్మను పూడ్చడానికి ఒక్క రోజు వచ్చింది. సమాధి దగ్గర నా పక్కన నిలబడి, "ఆ కుంట నువ్వే చూస్తున్నావట" అంది. అవునన్నాను. "మా నాన్న చేలోనే కదా" అంది. అవునన్నాను. కారెక్కబోతూ, "బ్రీమ్ గుడ్లు పెట్టే రోజుల్లో వస్తాలే, పెద్దవి నాలుగు ఆపి ఉంచు" అంది. నవ్విందో లేదో, ఎండ కళ్లలో పడి చూడలేకపోయాను.

నాలుగు ఎలా ఏరతాను? అన్నీ ఆపాను. సంచుల కొద్దీ మేత చల్లాను. ప్రతి మే నెలా పున్నమికి ముందు రెండు వెదురు గాలాలు చెక్కి, ఎరకు కీచురాళ్ల డబ్బా ఒకటి కొని పికప్ ట్రక్కులో పెట్టుకునేవాణ్ని. పున్నమి వెళ్లిపోయేది. కీచురాళ్లను గడ్డిలో వదిలేసేవాణ్ని. ఫోన్ చేసి అడగొచ్చు. ఏ మొహం పెట్టుకుని?

ఈ ఏడు మే నెలలో హాస్క్యూ చెరువుల కంపెనీ నుంచి ఒక పిల్లను పిలిపించాడు. కెండల్ అని, చేపల చదువు చదివింది, పాతికేళ్లుంటాయి. బాస్ చేపలు చిక్కిపోతున్నాయని అతని బాధ. ఆ పిల్ల పెద్ద చెరువులోంచి ఒకదాన్ని పైకి తీసి చూపించింది. తల పెద్దది, పొట్ట వెన్నుకు అంటుకుని ఉంది. తరవాత మేత కుంటలో లాగుడు వల వేద్దామంది. ఒక కొస ఆమె, ఒక కొస నేను.

వల ఒడ్డుకు వస్తుంటే బరువుకి నా భుజాలు లాగేశాయి. నీళ్లు తగ్గేకొద్దీ బయటపడ్డాయి. ఒక్కోటి పళ్లెమంత బ్రీమ్, నలుపు తిరిగిన వీపులు, రాగి రొమ్ములు, ఒకదాని మీద ఒకటి ఎగురుతూ. అలాంటివి నేనూ ఎప్పుడూ ఒక్కచోట చూడలేదు. పిల్లలు? వల మొత్తం దులిపినా దోసెడు రాలేదు.

కెండల్ చాలాసేపు వాటినే చూసింది. మా వైపు తెల్లవాళ్లలో కూడా బుద్ధున్నవాళ్లు పెద్దవాణ్ని గారూ అంటారు.

"హోసియా గారూ, ఇది మీకు తెలియక జరిగింది కాదు."

"కాదమ్మా."

"మరి?"

నేను వల ముడులు విప్పుతూ ఉండిపోయాను. ఆమె ఇంకోసారి అడగలేదు. సాయంత్రం హాస్క్యూకు ఊచలు మరీ దగ్గరగా ఉన్నాయని, అందుకే పెద్దవి పేరుకుపోయాయని చెప్పింది. నా కోసం అబద్ధమాడింది. ఆ అబద్ధానికి థాంక్స్ చెప్పే మర్యాద కూడా నాకు ఆ పూట గుర్తుకురాలేదు. జనాన్ని పిలిచి రెండు వారాలు గాలాలతో పట్టిస్తే కుంట బాగుపడుతుందని కూడా చెప్పింది.

హాస్క్యూ వినలేదు. ఊళ్లోవాళ్లెవరైనా గట్టు మీద జారిపడితే కేసు తన నెత్తి మీదికే వస్తుందన్నాడు, కేసులు ఎలా పుడతాయో తనకు తెలియదా అన్నాడు. సోమవారం కుంటలో మందు కొట్టి అన్నిటినీ చంపి కొత్త పిల్లల్ని వేయమన్నాడు. మందుతో చచ్చిన చేపను తినకూడదు. పూడ్చడానికి యంత్రం బుధవారమే వచ్చి గొయ్యి తవ్వేసింది.

పన్నెండేళ్లు ఆపిన చేపలు. నాలుగు రోజులు మిగిలాయి. నాకు ఆ గొయ్యి చూసి కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. కోపం నాకు తిండి లాంటిది. ఆ రోజు అది కూడా రాక, గట్టు మీద కూర్చుని ఆర్లీతకు ఫోన్ చేశాను.

"ఎవరు పోయారు?" అంది. మా ఊరి నంబరు చూస్తే అదే ఆమె మొదటి మాట.

"ఎవరూ పోలేదు. హోసియాని."

వెనక టీవీలో ఎవరో నవ్వుతున్నారు. దాన్ని ఆపేసింది. "చెప్పు" అంది.

అంతా చెప్పాను. చేపల సంగతి, గొయ్యి సంగతి, సమాధి దగ్గర తను అన్న మాట.

"నేనలా అన్నానా?"

"అన్నావు. నీలం గౌను వేసుకున్నావు."

"మా అమ్మను పూడ్చిన రోజు నేనేమన్నానో నాకేం గుర్తు హోసియా. ఎవరితోనో ఏదో ఒకటి అనాలిగా. అది పట్టుకుని పన్నెండేళ్లా?"

"పన్నెండు."

"పిచ్చోడా" అంది. నవ్వకుండా అంది.

గురువారం బస్సెక్కితే శుక్రవారం సెల్మాలో దిగొచ్చు, నేను వచ్చి తీసుకెళ్తానన్నాను. రెండు మోకాళ్లూ కోసి ఇనుము పెట్టారని, ఇరవై గంటలు బస్సులో కూర్చోలేనని చెప్పింది. సరేనన్నాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"అదొక్కటే కాదు. మా అమ్మ సమాధి దగ్గర నేనన్నది గుర్తులేదు గానీ, చర్చిలో నువ్వన్నది ముక్క కూడా పోలేదు నాకు."

"నాకూ గుర్తుంది."

"ముప్పయ్యొక్కేళ్లయింది. ఏమైనా అనాలనిపించలేదా?"

"ఆర్లీతా, అప్పటి పరిస్థితుల్లో..."

"అదిగో. పరిస్థితులు. నేను మీటింగుకి రాలేదయ్యా." గొంతు పెంచలేదు. "ఫోన్‌లో వద్దు. అన్నది అందరి ముందూ అన్నావు. ఇప్పుడు నా ఒక్కదాని ముందుకొచ్చి అనడానికి ఏంటి కష్టం? నీ మోకాళ్లు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి."

"మరింకేం" అని పెట్టేసింది.

గురువారం మధ్యాహ్నం దాకా ఆ మాటే తిప్పి తిప్పి చూశాను. ఇన్నేళ్లూ ఆమె రావాలనే ఎదురుచూశాను. నేను వెళ్లొచ్చని ఒక్కసారి తట్టలేదు. ఉండిపోయినవాడు గొప్పవాడు, వెళ్లినవాళ్లు తిరిగి రావాలి, ఇదీ నా లెక్క. ఎంత పొగరు. టెనసీ సరిహద్దు దాటి నేను ఎప్పుడూ ఉత్తరానికి పోలేదు. ఎక్కడికీ పోనివాడు ఎవరినో పారిపోయారని తిట్టడం సులువే.

ఈసారి నేనే ఆ చేపలు తీసుకుని వెళ్లాలి. కానీ నా ఒక్కడి గాలానికి ఎన్ని పడతాయి? మిగతావి గోతిలోకే. అది నేను ఒప్పుకోను. శుక్రవారం ఓలా పిన్ని ఇంటికి వెళ్లాను. ఓలా బైనమ్ మా చర్చి ఆడవాళ్లకు పెద్ద దిక్కు. ఎనభై దాటినా చూపు తగ్గలేదు, నోరు అసలే తగ్గలేదు. సమ్మెలో రోజూ నలభై మందికి వంట చేసింది. పిన్నీ, రేపు పొద్దున గేటు తెరిచి ఉంటుంది, గాలాలున్నవాళ్లందరినీ తీసుకురా అన్నాను.

"ఆ దొర ఒప్పుకున్నాడా?"

"లేదు."

"అలా చెప్పు. ఒప్పుకున్నాడంటే నేను వచ్చేదాన్ని కాదు" అంది. ఆ తరవాత నా మొహంలోకి చూసి, ఆ చేపలు ఎవరి కోసం ఆపావో తనకు తెలుసని, తనకే కాదు, మూడు చర్చిల్లో ఆడవాళ్లందరికీ తెలుసని చెప్పింది. "నువ్వు రహస్యం దాచడంలో కూడా కరపత్రం పంచినట్టే ఉంటావురా" అంది.

శనివారం తెల్లారేసరికి ఇరవై మందికి పైగా వచ్చారు. మడత కుర్చీలు, బకెట్లు, గడ్డి టోపీలు, వెదురు గాలాలు. గట్టు పొడవునా వరసగా కూర్చున్నారు. మొదట ఓలా పిన్ని గాలం వంగింది. ఆ తరవాత లెక్కేలేదు. తీసినవాళ్లు తీసినట్టే ఉన్నారు. చేప బరువుకి గాలం విరిగితే ఒకామె ఆ ముక్కను పట్టుకుని నీళ్లలోకి దిగి చేత్తో లాక్కొచ్చింది. గౌను నడుము దాకా తడిసింది, ఏమే బాప్తిస్మం మళ్లీ తీసుకున్నావా అని అందరూ ఏడిపించారు. ఫ్యాక్టరీలో ఆర్లీత పక్కన కత్తి పట్టిన విల్లోడీన్ కూడా వచ్చింది. ఆమె వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. గాలాన్ని మోచేతి సందులో ఇరికించుకుని పట్టింది. ఒక్కసారి నా వైపు చూసి, "అది ఉండాల్సింది" అంది. ఎవరని నేను అడగలేదు.

నేను పట్టింది తక్కువ. ఎవరికి ఎర కావాలన్నా అందిస్తూ, కుంట వైపు చూస్తూ తిరిగాను. వాగు వైపు మూల నుంచి గాలి వీచినప్పుడల్లా ఆగి ముక్కు ఎత్తాను. బురద వాసన. అంతే.

పదకొండింటికి హాస్క్యూ వచ్చాడు. వెనక ఇద్దరు అతిథులు, చేతుల్లో ఖరీదైన గాలాలు. మా వాళ్లు లేవలేదు. అతను తిన్నగా నా దగ్గరికొచ్చాడు. మొహం ఎర్రబడింది గానీ అతిథుల ముందు గొంతు పెంచడానికి లేదు.

"హోసియా, ఎవరిని అడిగి తెరిచావు?"

"ఎవరినీ అడగలేదు."

"వాళ్లను పంపించెయ్. ఇప్పుడే."

నేను ఏదో అనబోయేలోపు ఓలా పిన్ని కుర్చీలోంచే తల తిప్పి, నీ మందు ఖర్చు తగ్గిస్తున్నాం నాయనా, కూర్చో, ఎండలో నిలబడకు అంది. అతిథుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక చెరువు వైపు తిరిగాడు. హాస్క్యూ షెరీఫ్‌కు ఫోన్ చేస్తానన్నాడు. చేయమన్నాను. షెరీఫ్ తల్లి కుంటకు అవతలి ఒడ్డున రెండో కుర్చీలో కూర్చుని ఉందని చూపించాను. అది నిజమే.

అతను చెయ్యి చాపాడు. తాళాలు ఇచ్చేశాను. తూము చక్రానికి నూనె రాయమని, ఎడమ పక్క మూడో ఊచ వదులైందని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. పద్నాలుగేళ్ల అలవాటు అయ్యుంటుంది. పోవయ్యా అనడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి, ఏళ్ల తరబడి నూరి పెట్టుకున్నవి. ఒక్కటీ అనలేదు. నా తొందర వేరే.

విల్లోడీన్ వాళ్లు తమ బకెట్లలోంచి ఏరి మరీ పెద్దవి నా ఐసు పెట్టెలో వేశారు. పొట్టలు తీసి, తలలు ఉంచి, ఒక వరస చేపలు ఒక వరస ఐసు. ఫ్యాక్టరీలో నేర్చిన పని, మొదటిసారి మా కోసం చేశాం. "మేమందరం అడిగామని చెప్పు" అంది విల్లోడీన్. ఓలా పిన్ని మాత్రం, "మేమడిగామని తరవాత చెప్పుకోవచ్చు. ముందు నువ్వు చెప్పాల్సింది చెప్పు" అంది.

మధ్యాహ్నానికి రోడ్డెక్కాను. అరవై ఏళ్లు దాటినవాడికి ఆ పికప్ ట్రక్కు, ఆ దూరం. కెంటకీలో ఒక పెట్రోలు బంకు దగ్గర సీట్లోనే పడుకున్నాను. ఆదివారం పొద్దున కరిగిన నీళ్లు వంచేసి కొత్త ఐసు పోశాను. ఒహాయో నది మీద వంతెన దాటుతుంటే మా తాతముత్తాతలు బానిసలుగా ఉన్న కాలంలో ఈ నీళ్లు దాటడానికి ప్రాణాలు పెట్టారని గుర్తొచ్చింది. దాటినవాళ్లను ఎవరూ పారిపోయారని తిట్టలేదు. స్వేచ్ఛ కోసం వెళ్లారన్నారు. నేను ఆర్లీతకు ఆ మాట ఎందుకివ్వలేదు? ఆకలి కూడా గొలుసే కదా. ఇది కరపత్రంలో రాయదగ్గ వాక్యం. ఆమె ముందు ఇలాంటిదొకటి అన్నానంటే తలుపేస్తుంది.

దారంతా ఇంకో వాక్యం కోసం వెతికాను. ఐదు వందల మంది ముందు కాగితం లేకుండా గంటసేపు మాట్లాడినవాణ్ని. ఒక్క మనిషికి ఒక్క మాట కుదరలేదు. మొదలుపెట్టిన ప్రతి మాటా తిరిగి తిరిగి ఫ్యాక్టరీ దగ్గరికో, యజమాని దగ్గరికో పోయేది.

టొలీడో చేరేసరికి చర్చిలు వదిలిన వేళ. సన్నటి వీధి, ఒకే రకం ఇళ్లు, మధ్యలో రెండు మూడు పడగొట్టిన ఖాళీలు. ఆమె ఇంటి ముందు నాలుగు మెట్లు, పైన చిన్న వరండా. ఆర్లీత కుర్చీలో కూర్చుని ఉంది. చర్చి గౌను మీదే ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది, పొట్టిగా కత్తిరించుకుంది. లేవలేదు. నేను ట్రక్కు వెనక తలుపు దించి ఐసు పెట్టె కిందికి లాగాను. బరువు. ఈడ్చుకుంటూ మెట్ల దాకా తెచ్చాను. పైకి ఎత్తలేకపోయాను. ఆమె సాయం రాలేదు, చూస్తూ ఉంది.

పెట్టె కింద మెట్టు మీద పెట్టి నిలబడ్డాను. టోపీ తీశాను.

"అందరి ముందూ నీ మీద అబద్ధం చెప్పాను" అన్నాను. "నువ్వు వెళ్తున్నావన్న బాధ చెప్పడం రాక తిట్టాను."

అంతే వచ్చింది. ఇంకా రావాలి, రాలేదు. ఆర్లీత ఒళ్లో చేతులు మడుచుకుని వీధి చివరికి చూస్తూ ఉంది. ఆ చూపు నాకు తెలుసు. మూడో వరుసలో కూడా అలాగే చూసింది.

"రెండు వాక్యాలు" అంది చివరికి. "ముప్పయ్యొక్కేళ్లు పట్టింది."

"అవును."

"అక్కడి నుంచి ఇక్కడిదాకా ఈ వయసులో ఒక్కడివే బండి నడిపావా?"

"ఒక్కణ్నే."

"ఇంకా పిచ్చి తగ్గలేదు." మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. నేను ఒక మెట్టు ఎక్కబోతే వద్దని చెయ్యి చూపింది. "నూనె ఉంది. మొక్కజొన్న పిండి లేదు. వీధి మూలలో కొట్టుంది. తెల్ల పిండి తే, పసుప్పచ్చది తేకు. ఇక్కడివాళ్లు చక్కెర కలిపింది అంటగడతారు, చూసి తీసుకో."

రేపు ఏమవుతుందో ఆమె అనలేదు. నేను అడగలేదు. ఈ ఊళ్లో నాకు పని లేదు, ఆ ఊళ్లోనూ ఇప్పుడు లేదు. ఉండమంటే ఉంటానని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. పిండి తెచ్చాక చూద్దామనుకున్నాను.

మూల తిరగబోతూ ఒకసారి వెనక్కి చూశాను. ఆర్లీత కమ్మీ పట్టుకుని మెట్లన్నీ దిగింది. కింద మెట్టు మీద కూర్చుని, పెట్టె మూత తెరిచి, మోచేతి దాకా ఐసులో, చేపల మధ్య చెయ్యి పెట్టి ఉంది. బయటికి ఏమీ తీయడం లేదు. అలాగే ఉంచింది.